సముద్రం నీలంగా ఎందుకుంది? - సి.వి.రామన్ జీవితం

ఫిబ్రవరి 28 వస్తోందంటే సైన్సు దినోత్సవం అని చార్టులు గీయమంటారు. 1987 నుంచి దేశమంతా ఇది జరుగుతోంది. ఆ రోజు ఎవరి పుట్టినరోజూ కాదు. 1928లో ఆ తేదీన చంద్రశేఖర వెంకట రామన్ గారు వెలుతురులో ఒక కొత్త సంగతి చూశారు.

రామన్ గారు 1888 నవంబరు 7న తిరుచ్చి దగ్గర తిరువానైకోవిల్‌లో పుట్టారు. తమిళులే గానీ పెరిగింది విశాఖపట్నంలో. నాన్నగారు చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, ఫిజిక్సు చెప్పేవారు. పదకొండో ఏటే మెట్రిక్ ప్యాసయ్యారట. (ఆ వయసుకి మనం ఆరో తరగతిలో ఉంటాం!) మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో 1904లో బి.ఎ., 1907లో ఎం.ఎ. పూర్తయ్యాయి. ఇంగ్లండు వెళ్దామంటే డాక్టరు ఈ బక్క ఒళ్ళు అక్కడి చలికి ఆగదని వద్దన్నాడు. దాంతో ప్రభుత్వ పరీక్ష రాసి, ఫస్టున వచ్చి, కలకత్తాలో లెక్కల ఆఫీసులో పెద్ద ఉద్యోగంలో చేరారు.

అక్కడే బౌబజారులో సైన్సు సంఘం వారి ప్రయోగశాల ఒకటి పెద్దగా వాడకం లేకుండా ఉంది. పొద్దున ఆఫీసుకి ముందు, సాయంత్రం ఆఫీసయ్యాక రామన్ గారు అందులోనే గడిపేవారు. ఏళ్ళ తరబడి అలాగే. జీతం కోసం కాదు.

మొదట పట్టుకున్నది శబ్దాన్ని. చెరువులో రాయి వేస్తే అల ఒడ్డు దాకా వస్తుంది, నీళ్ళ మీది ఆకు మాత్రం ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది. అంటే నడిచేది నీరు కాదు, కదలిక. శబ్దం కూడా అంతే, గాలిలో అల. అది సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. వెలుతురు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన పల్నాడులో రాతి క్వారీ పేల్చినప్పుడు కిలోమీటరు దూరంలో నిలబడితే ముందు దుమ్ము లేవడం కనిపిస్తుంది, మూడు సెకన్లకి గానీ చప్పుడు వినపడదు.

రామన్ గారు వయొలిన్, వీణ, మృదంగం అన్నీ పరీక్షించారు. మామూలు తోలు మీద కొడితే ఒకేసారి ఎన్నో కంపనాలు పుడతాయి, వాటి లెక్కలు ఒకదానితో ఒకటి కుదరవు. మన డప్పు అలాంటిదే. సెగ చూపిస్తే తోలు బిగిసి గొంతు పెరుగుతుంది గానీ, ఒక స్వరమంటూ నిలవదు. మృదంగం కుడివైపు తోలుకి నల్లటి మచ్చ ఉంటుంది చూడండి, అన్నంతో నల్ల పొడి కలిపి పొరలుగా రుద్దుతారు. ఆ బరువు వల్ల కంపనాలు ఒకటికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా సర్దుకుంటాయి. అందుకే అది తీగలాగా స్వరం పలుకుతుంది. చదువురాని మన పూర్వీకులు ఎవరో చెవితో సాధించిన పనిని 1920లో ఈయన లెక్క కట్టి చూపించారు. మాకైతే నోబెల్ కన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పిలిస్తే ఉద్యోగం వదిలేశారు. జీతం దాదాపు సగానికి పడిపోయింది. ఇంట్లోవాళ్ళు ఎలా ఒప్పుకున్నారో!

1921లో ఓడలో ఇంగ్లండు వెళ్ళొస్తుంటే మధ్యధరా సముద్రం చిక్కటి నీలంగా కనిపించింది. అది ఆకాశపు నీడేనని లార్డ్ రేలీ అనే గొప్ప శాస్త్రవేత్త అప్పటికే రాశారు. రామన్ గారు జేబులోని నికల్ పట్టకం తీసి, నీటి మీద మెరిసే వెలుతురు ఆగిపోయేలా ఒక వాలులో పెట్టి చూశారు. నీడ పోయింది, నీలం పోలేదు. ఇంకా చిక్కబడింది! అంటే రంగు నీళ్ళలోనే ఉందన్నమాట.

ఆకాశం సంగతి రేలీ చెప్పిందే నిజం. నీలం అల పొడవు సుమారు 450 నానోమీటర్లు, ఎరుపుది 700. (మీటరులో వందకోట్లవ వంతు నానోమీటరు.) పొట్టి అలలను గాలి అణువులు ఎక్కువ చెదరగొడతాయి, ఎరుపు కంటే నీలాన్ని ఆరింతలు. నీటి అణువులు కూడా అలాగే చెదరగొడతాయని రామన్ గారు తేల్చారు. దానితోపాటు నీరు ఎరుపును మింగేస్తుందని, నీలానికి అదే పెద్ద కారణమని ఇప్పుడు తెలిసింది.

అక్కడితో వదల్లేదు. చెదిరిన వెలుతురు రంగు మారుతుందా అని శిష్యులతో ఏడేళ్ళు వెతికారు. కె.ఎస్.కృష్ణన్ గారి కష్టం ఇందులో చాలా ఉంది, పేరు మాత్రం గురువుగారికే వచ్చింది. పాదరసపు దీపం వెలుతురును ద్రవంలోకి పంపి చూస్తే, లోపలికి పంపని రంగులు బయటికొచ్చాయి. అణువు ఊగడానికి కాస్త శక్తి తీసుకుంటే అల పొడవవుతుంది, రంగు మారుతుంది. ఇలా మారేది కోటిలో ఒక వంతు. కానీ ఒక్కో పదార్థానికి ఒక్కో మార్పు, వేలిముద్రలాగా. ఇప్పుడు మందుల్ని, రత్నాల్ని పగలగొట్టకుండా గుర్తుపట్టేది దీంతోనే. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంకొకటి కూడా రాయాలి, మా క్లాసు అమ్మాయిలు రాయకపోతే ఒప్పుకోమన్నారు. 1933లో బెంగుళూరు సైన్సు సంస్థకి రామన్ గారు డైరెక్టరు. బొంబాయి నుంచి కమలా భాగవత్ అనే అమ్మాయి ఫస్టున ప్యాసై వస్తే, ఆడపిల్లని చేర్చుకోనన్నారు. ఆమె కదల్లేదు. చివరికి ఏడాది చూసి చెబుతానని షరతుల మీద చేర్చుకున్నారు. ఏడాదయ్యాక ఆమె పని చూసి ఒప్పుకోక తప్పలేదు. 1939లో ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరేటు తీసుకున్నారు. నీళ్ళ రంగును అంత పట్టి చూసిన మనిషికి ఇది ముందే ఎందుకు కనపడలేదో మరి.

అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు కలకత్తాలో ఈయన దగ్గరే నేర్చుకుని, తర్వాత వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు చెప్పారు. రామన్ గారు 1948లో బెంగుళూరులో సొంత పరిశోధనాలయం పెట్టుకుని, 1970 నవంబరు 21న కన్నుమూశారు. ఆ తోటలోనే దహనం చేశారు. అక్కడ సమాధి లేదు, ఒక చెట్టు ఉంది.