ప్లాన్ ఊరికే ఇచ్చేసిన మనిషి

పోయిన సెమిస్టర్‌లో మేం ఐదుగురం కలిసి ఒక రేడియో కంట్రోల్ విమానం కట్టాం. కిట్ కొనలేదు, ప్లాన్ చూసి కట్టాం. ప్లాన్ అంటే మోడల్‌ని దాని అసలు సైజులో గీసిన డ్రాయింగ్. దాన్ని ఏ4 కాగితాల మీద ముక్కలుగా ప్రింట్ తీసి, అతికించి, బల్ల మీద పరవాలి. దాని మీదే బాల్సా పుల్లలు పెట్టి, గుండుసూదులు గుచ్చి, గమ్ వేసుకుంటూ పోవాలి. నేను సీఎస్ఈ. కోడ్‌లో తప్పు చేస్తే అన్‌డూ ఉంటుంది. బాల్సా కోశాక అన్‌డూ లేదు.

మొదటి తప్పు నాదే. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించేటప్పుడు ఫిట్ టు పేజ్ తీసేయమని చెప్పడం మర్చిపోయాను. ప్లాన్ మూలన 10 సెంటీమీటర్ల గీత ఒకటి ఉంటుంది, ప్రింట్ సరిగ్గా వచ్చిందో లేదో కొలుచుకోడానికి. ఒక్కళ్లం కూడా కొలవలేదు. ముక్కలన్నీ కోసేశాక సర్వో దాని గాడిలో పట్టకపోతే అప్పుడు స్కేలు పెట్టి చూశాం. 9.6 ఉంది! రెండు వారాల పని చెత్తబుట్టలోకి పోయింది.

రెండోసారి సరిగ్గానే కట్టాం. గ్రౌండ్‌కి తీసుకెళ్లాం. చేతిలోంచి వదలగానే ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం గాల్లో ఆగి, ధబ్‌మని పడింది. తోక బరువెక్కువైంది. ఈ విమానానికి ముక్కు పొట్టి, తోక పొడుగు. బ్యాటరీని ముందుకు జరిపి, గాలానికి కట్టే సీసం గుండ్లు ముక్కులో పెట్టాక మూడో ప్రయత్నంలో ఎగిరింది. ఈ మార్పులన్నీ ప్లాన్ ఫైల్‌లో నేనే గీసి పెట్టాను.

తర్వాత ఇంకో కాలేజీ టీమ్ వాళ్లు ఆ ఫైల్ అడిగారు. వాళ్లు కడుతున్నదీ ఇదే విమానం. రెండు నెలల్లో పోటీ ఉంది. నేను మెసేజ్ చూసి రిప్లై ఇవ్వలేదు. మేం అన్ని రాత్రులు కూర్చున్నాం, వాళ్లకి ఊరికే ఎందుకివ్వాలి అనిపించింది. నిజం చెప్తున్నా, అప్పుడు అది తప్పనిపించలేదు.

మేం కట్టిన విమానం పేరు దెమ్వాజెల్. అసలు దాన్ని తయారు చేసిందెవరో అప్పటిదాకా నాకు తెలీదు. పోటీ రిపోర్ట్‌లో ఒక పేరా రాయాలి కాబట్టి వెతికాను. ఆ పేరా కోసం మొదలుపెట్టి రాత్రి రెండింటి దాకా చదివాను. ఆయన కథే ఇది.

ఆయన పేరు అల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్. 1873 జూలై 20న బ్రెజిల్‌లో పుట్టారు. నాన్న ఇంజనీరు, పెద్ద కాఫీ తోటల యజమాని. కాఫీ గింజలు మోయడానికి తోటలోనే రైలు పట్టాలు వేయించారు. మన అల్బెర్టో పన్నెండేళ్లకే ఆ రైలింజన్లు నడిపేవారు. మిగతా టైమంతా జూల్స్ వెర్న్ నవలలు, గాలిపటాలు, వెదురు పుల్లలతో కట్టి రబ్బరు మెలేసి ఎగరేసే చిన్న విమానాలు. అంటే ఆయన మొదలుపెట్టింది కూడా మోడల్స్‌తోనే.

మనం చిన్నప్పుడు కాకి ఎగిరింది, పిచ్చుక ఎగిరింది, గేదె ఎగిరింది అంటూ వేళ్లు లేపే ఆట ఆడాం కదా. అచ్చం అలాంటి ఆటే వాళ్లకీ ఉండేది. మనిషి ఎగురుతాడా అని అడిగినప్పుడల్లా ఈయన వేలు లేపేవారట. పిల్లలందరూ నవ్వి, ఓడిపోయావు, జరిమానా కట్టు అనేవారు. ఈయన కట్టేవారు కాదు.

ఒక ప్రమాదంలో నాన్నకి పక్షవాతం వచ్చింది. తోట అమ్మేశారు. పద్దెనిమిదేళ్ల కొడుక్కి అతని వాటా డబ్బు చేతిలో పెట్టి, డిగ్రీల గురించి ఆలోచించకుండా పారిస్ వెళ్లి మెకానిక్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఎలక్ట్రిసిటీ నేర్చుకోమన్నారు. అదే ఏడాది, 1892లో, ఆయన చనిపోయారు. మా నాన్నతో ఈ సంగతి చెప్పాను. ముందు డిగ్రీ పూర్తి చెయ్యి అన్నారు.

పారిస్‌లో 1898లో ఆయన మొదట ఒక చిన్న బెలూన్ చేయించుకున్నారు. అదే ఏడాది పొడవాటి బెలూన్‌కి పెట్రోల్ ఇంజన్ తగిలించి ఎయిర్‌షిప్ కట్టారు. హైడ్రోజన్ నింపిన సంచి కింద మండే ఇంజన్ పెట్టడం అంటే సిలిండర్ పక్కన దీపావళి చేసుకోవడమే. ఆయన చేసుకున్నారు, పైగా ఒకటి తర్వాత ఒకటి నంబర్లు వేసుకుంటూ కట్టారు.

అప్పట్లో ఒక బహుమతి ఉండేది. సెయింట్ క్లౌడ్ నుంచి బయల్దేరి, ఈఫిల్ టవర్ చుట్టి, 30 నిమిషాల్లో వెనక్కి రావాలి. దూరం సుమారు 11 కిలోమీటర్లు, బహుమతి లక్ష ఫ్రాంకులు. 1901 జూలైలో నంబర్ 5తో వెళ్తే చెట్ల మీద పడ్డారు. ఆగస్టు 8న మళ్లీ వెళ్తే గ్యాస్ లీకై ఒక హోటల్ కప్పుకి గుద్దుకుంది. సంచి పేలిపోయింది. ఆయన గోడ పక్కన వేలాడుతుంటే ఫైర్ సిబ్బంది తాడు వేసి పైకి లాగారు. మేం ఒక్క క్రాష్‌కే వారం రోజులు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోలేదు. ఆయన వెంటనే నంబర్ 6 పని మొదలుపెట్టించి, నెల తిరక్కుండా సిద్ధం చేశారు.

అక్టోబర్ 19న నంబర్ 6 టవర్ చుట్టి, 30 నిమిషాలకి కొన్ని సెకన్ల ముందే గీత దాటింది. కానీ కిందకి దిగి తాడు అందించేసరికి టైమ్ దాటింది. ఇవ్వాలా వద్దా అని కమిటీలో గొడవ. పారిస్ జనం ఆయన వైపు నిలబడ్డారు. చివరికి ఇచ్చారు. ఆ డబ్బుని పారిస్ పేదలకి, తన మెకానిక్‌లకి పంచేశారు. తనకి ఒక్క ఫ్రాంకు ఉంచుకోలేదు.

రెండు చేతులూ కంట్రోల్స్ మీద ఉంటే జేబులోంచి గడియారం తీసి చూడ్డం కుదరట్లేదని ఆయన తన స్నేహితుడు లూయీ కార్టియేతో అన్నారు. కార్టియే ఆయన కోసం చేతికి కట్టుకునే గడియారం చేసిచ్చారు. ఆ మోడల్ ఈ రోజుకీ శాంటోస్ పేరుతోనే అమ్ముతున్నారు.

తర్వాత విమానాల మీద పడ్డారు. 1906లో 14 బిస్ అనే యంత్రం కట్టారు. తోక ముందుంటుంది, రెక్కలు వెనకుంటాయి, పైలట్ బుట్టలో నిలబడి నడుపుతాడు. అక్టోబర్ 23న పారిస్‌లో జనం అందరి ముందూ 60 మీటర్లు, నవంబర్ 12న 220 మీటర్లు ఎగిరింది. రైట్ సోదరులు 1903 డిసెంబర్ 17నే ఎగిరారు, అందులో సందేహం లేదు. కానీ వాళ్లు పేటెంట్ కోసం చాలాకాలం యంత్రాన్ని ఎవరికీ చూపించకుండా దాచుకున్నారు. యూరప్ మొదట కళ్లారా చూసింది ఈయన్నే. బ్రెజిల్‌లో ఇప్పటికీ విమానం కనిపెట్టింది ఎవరంటే ఈయన పేరే చెప్తారు.

ఇక దెమ్వాజెల్. 1907లో మొదలుపెట్టి 1909 వరకు దాన్ని మారుస్తూ వచ్చారు. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొస దాకా 5 మీటర్ల పైచిలుకు. ఇంజన్‌తో కలిపి బరువు సుమారు 110 కిలోలు, అంటే మన హాస్టల్ పార్కింగ్‌లో ఉన్న బైక్ అంత. ఒళ్లు వెదురు, రెక్కలకి సిల్కు గుడ్డ. పైలట్ రెక్క కింద, చక్రాల మధ్య కూర్చుంటాడు. తోక మొత్తం ఒకే కీలు మీద అన్ని వైపులా తిరుగుతుంది. రెక్కలు మెలితిప్పే లివర్ పైలట్ కోటు వీపుకి తగిలించి ఉంటుంది. ఆయన పక్కకి వాలితే విమానం కూడా వాలుతుంది. మేం ఆ పని సర్వోతో చేయించాం, ఆయన వీపుతో చేశారు.

దీనికి ఆయన పేటెంట్ తీసుకోలేదు. కావాలన్నవాళ్లకి డ్రాయింగులు ఊరికే ఇచ్చేశారు. 1910లో అమెరికాలో పాపులర్ మెకానిక్స్ పత్రిక ఆ ప్లాన్‌ని కొలతలతో సహా అచ్చేసింది. ఎవరెవరో షెడ్లలో కట్టుకున్నారు.

1910 తర్వాత కథ మారుతుంది. జనవరిలో క్రాష్ అయింది. చేతులు వణకడం, కళ్లు మసకబారడం మొదలయ్యాయి. ముప్పై ఆరేళ్లకే ఎగరడం ఆపేశారు. ఫ్రాన్స్‌లో సముద్రం పక్కన ఇల్లు తీసుకుని టెలిస్కోప్‌తో నక్షత్రాలు చూస్తూ ఉండేవారు. 1914లో యుద్ధం వచ్చింది. టెలిస్కోప్‌తో సముద్రం వైపు చూస్తున్నాడు, జర్మన్ గూఢచారి అని చుట్టుపక్కలవాళ్లు అనుమానించారు. పోలీసులు ఇల్లు సోదా చేశారు. ఒకప్పుడు ఆయన కోసం టోపీలు ఎగరేసిన దేశం అది. ఆ అవమానం తట్టుకోలేక తన కాగితాలు, నోట్సులు, డ్రాయింగులు అన్నీ తగలబెట్టేశారు.

నేను ఇక్కడ చదవడం ఆపేశాను. బ్యాకప్ లేకుండా అన్నీ పోయాయి. కానీ దెమ్వాజెల్ పోలేదు. ఎందుకంటే అది అప్పటికే ఊళ్లు పట్టుకు తిరుగుతోంది. మేం ప్రింట్ తీసుకున్న ప్లాన్ అలా చేతులు మారి, ఎవరో చిన్న సైజుకి గీస్తే, వందేళ్లు దాటి మా దాకా వచ్చింది. ఆయన దాచుకున్నవి కాలిపోయాయి, పంచినవి మిగిలాయి.

చివరి రోజులు బాగోలేవు. విమానాలతో బాంబులు వేయడం చూసి తల్లడిల్లారు. యుద్ధాల్లో విమానాలు వాడకుండా ఆపమని 1926లో నానాజాతి సమితిని కోరారు. 1928 డిసెంబర్‌లో ఓడలో బ్రెజిల్ తిరిగొస్తుంటే, ఆయన పేరే పెట్టిన ఒక సీప్లేన్ స్వాగతం చెప్పడానికి వచ్చి, కళ్ల ముందే సముద్రంలో కూలిపోయింది. అందులోనివాళ్లంతా చనిపోయారు. ఆయన మళ్లీ కోలుకోలేదు. 1932లో బ్రెజిల్‌లో అంతర్యుద్ధం వచ్చి, సొంత దేశపు విమానాలే సొంత జనం మీదకి వెళ్లాయి. ఏళ్ల తరబడి జబ్బుతో, దిగులుతో ఉన్న మనిషి. ఆ జూలై 23న తన ప్రాణం తనే తీసుకున్నారు. యాభై తొమ్మిదేళ్లు నిండి మూడు రోజులు.

ఈ ముక్క వదిలేద్దామా అనుకున్నాను. కానీ ప్రైజు, గడియారం వరకే రాసి ఆపేస్తే సగం మనిషిని చెప్పినట్టే. అన్ని క్రాష్‌ల నుంచి లేచినాయన పక్కన చివర్లో ఎవరో ఒకరు ఇంకొంచెం గట్టిగా నిలబడాల్సింది అనిపిస్తుంది. మన హాస్టల్‌లో కూడా తలుపులేసుకుని ఉండిపోయేవాళ్లు ఉంటారు. తట్టి చూడండి.

మర్నాడు పొద్దున నేను ఆ టీమ్‌కి రిప్లై ఇచ్చాను. ఆలస్యానికి సారీ చెప్పి ఫైల్ పంపాను. సీసం గుండ్లు ఎన్ని గ్రాములు, బ్యాటరీ ఎక్కడ, అన్నీ రాసి పంపాను. మా టీమ్‌లో ఒకడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, వాడి బాధ నాకు అర్థమైంది. పోటీలో ఎవరు గెలుస్తారో ఇంకా తెలీదు.

మీకూ ఫైల్ కావాలంటే అడగండి, పంపిస్తాను. ఒక్కటే మాట. ప్రింట్ తీశాక మూలనున్న 10 సెంటీమీటర్ల గీత ముందు కొలవండి.