కారుకు గొంతునిచ్చిన పాల్ గాల్విన్

కారులో కూర్చొని మీట నొక్కినంతనే పాట వినిపించటం నేడు ఎవరికీ వింతగా తోచదు. కాని కదలుతున్న బండిలో, ఇంజను హోరు మధ్య, ఒక రేడియోను స్పష్టంగా పలికించటానికి కొందరు మనుషులు పడిన శ్రమ సామాన్యమైనది కాదు. పాటకు స్వరం ఎంత అవసరమో, ఆ పాటను వినిపించే యంత్రానికి విద్యుత్తు అంత అవసరం. ఆ విద్యుత్తును కారులో ఎక్కడి నుండి తేవాలి అన్న ప్రశ్నతో కుస్తీ పట్టి గెలిచినవారిలో ముఖ్యుడు అమెరికా దేశస్థుడైన పాల్ గాల్విన్. మోటరోలా అన్న పేరు తెలిసినవారు అనేకులు. ఆ పేరు పెట్టిన మనిషి కథ తెలిసినవారు తక్కువ.

గాల్విన్ 1895వ సంవత్సరం జూన్ 29వ తేదీన ఇల్లినాయ్ రాష్ట్రంలోని హార్వర్డ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ప్రసిద్ధ విశ్వవిద్యాలయానికీ ఈ ఊరికీ పేరులో తప్ప పోలిక లేదు. అది రైళ్లు ఆగే ఊరు. బాలుడైన పాల్ స్టేషనులో ప్రయాణికులకు మొక్కజొన్న పేలాలు అమ్మి నాలుగు డబ్బులు సంపాదించేవాడు. వర్తకంలోని లాభనష్టాలు ఆయనకు పుస్తకాల కంటె ముందు రైలు ప్లాట్‌ఫారమే నేర్పింది. తరువాత ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రెండేళ్లు చదివి, పట్టా పుచ్చుకోకుండానే చదువు విడిచాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళపు అధికారిగా ఫ్రాన్సులో పనిచేసి స్వదేశం చేరాడు. 1920లో లిలియన్ అనే యువతిని వివాహమాడాడు.

ఆ మరుసటి సంవత్సరమే, 1921లో, స్నేహితుడు ఎడ్వర్డ్ స్టూవర్ట్‌తో కలసి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మార్ష్‌ఫీల్డ్‌లో బ్యాటరీల తయారీ సంస్థను స్థాపించాడు. మోటారు కార్లు, రేడియోలు రెండూ పెరుగుతున్న రోజులవి. బ్యాటరీలకు గిరాకీ ఉన్నది. అయినా సంస్థ నిలువలేదు. 1923లో ప్రభుత్వానికి చెల్లించవలసిన పన్ను బకాయి పడి మూతపడింది. గాల్విన్ భార్యతో, పసివాడైన కుమారునితో షికాగో చేరి ఒక మిఠాయిల కంపెనీలో ఉద్యోగం చేశాడు. 1926లో స్టూవర్ట్‌తో కలసి మరల బ్యాటరీల వ్యాపారానికే దిగాడు. 1928 నాటికి అదికూడ దెబ్బతిన్నది.

ఇక్కడ ఆనాటి రేడియోను గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. అప్పటి రేడియోలు గాజు వాల్వులతో పనిచేసేవి. వాల్వులోని తీగను వేడి చేయటానికి తక్కువ వోల్టుల బ్యాటరీ ఒకటి, వాల్వు పలకకు నూరు వోల్టుల పైచిలుకు అందించటానికి పొడి బ్యాటరీల వరుస ఒకటి అవసరమయ్యేవి. ఇంట కరెంటు దీపం ఉన్నవాడు కూడ రేడియోకు మాత్రం బ్యాటరీలు కొనుక్కుంటూ ఉండవలసినదే. గోడ నుండి వచ్చే కరెంటును రేడియోకు తగిన విధంగా మార్చి, బ్యాటరీల అవసరాన్ని తొలగించే పెట్టె ఒకటి ఆ రోజులలో వచ్చింది. దానిని బ్యాటరీ ఎలిమినేటరు అన్నారు. మూతపడిన తమ సంస్థ ఆస్తులు వేలానికి వచ్చినపుడు గాల్విన్ వెళ్లి, ఆ ఎలిమినేటర్ల విభాగాన్ని 750 డాలర్లకు పాడుకున్నాడు. ఇంతకాలం బ్యాటరీలు అమ్మినవాడు ఇప్పుడు బ్యాటరీలను ఇంటి నుండి పంపివేసే వస్తువును చేతబట్టుకున్నాడు. 1928 సెప్టెంబరు 25న తమ్ముడు జోసెఫ్‌తో కలసి షికాగోలో గాల్విన్ మాన్యుఫాక్చరింగ్ కార్పొరేషన్‌ను ప్రారంభించాడు. చేతిలో ఉన్న పెట్టుబడి 565 డాలర్లు, పనివారు ఐదుగురు.

ఈ అదృష్టం కూడ ఎక్కువ కాలం నిలువలేదు. గోడ కరెంటుతో నేరుగా పనిచేసే రేడియోలే బజారులోనికి వచ్చాయి. వేరుగా ఎలిమినేటరు కొనవలసిన పని లేకపోయింది. 1929 అక్టోబరులో షేర్ల ధరలు కూలి దేశమంతటా ఆర్థిక మాంద్యం కమ్ముకొన్నది. కొత్త సరకు ఏదైనా దొరకకపోతే మూడవసారి కూడ తలుపులు మూయవలసినదే. అప్పుడు గాల్విన్ దృష్టి కారు మీద పడింది. కొందరు ధనికులు చాల ఖర్చు పెట్టి కార్లలో రేడియోలు అమర్పించుకుంటున్నారు. దానిని సామాన్యునికి అందే ధరలో పెద్ద ఎత్తున ఎందుకు తయారు చేయరాదు?

ఆలోచన సులభం, ఆచరణ కష్టం. ఇంజనులో ప్రతి నిప్పురవ్వ రేడియోలో చిటపటలుగా వినిపించేది. గతుకుల బాటలో వాల్వులు అదిరేవి. అన్నిటినీ మించినది విద్యుత్తు సమస్య. ఆనాటి కారు బ్యాటరీ ఆరు వోల్టులది. అది వాల్వుల తీగలను వేడి చేయగలదు గాని, పలకలకు కావలసిన హెచ్చు వోల్టులను ఇవ్వలేదు. అందుచేత కారులో మరికొన్ని పొడి బ్యాటరీలను వేరుగా అమర్చక తప్పలేదు. అవి పాదాల క్రింద, నేల పలకను కోసి పెట్టిన పెట్టెలో ఒదిగి ఉండేవి. పాట కోసం కారుకు అదనపు బ్యాటరీ పెట్టటమన్నది ఈనాటి కుర్రకారు సరదా అనుకుంటాము. అది కారు రేడియోతో పాటే పుట్టినది.

ఎల్మర్ వేవరింగ్, విలియం లియర్ వంటి యువకులు గాల్విన్‌కు ఈ పనిలో తోడు నిలిచారు. స్పార్కు ప్లగ్గులకు నిరోధకాలు, డైనమోకు కండెన్సరు అమర్చి చిటపటలను అణచివేశారు. 1930 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల మహాసభ జరిగింది. గాల్విన్ తన కారులోనే రేడియో బిగించుకొని, భార్యతో కలసి షికాగో నుండి అంత దూరం నడుపుకొని వెళ్లాడు. ప్రదర్శనశాలలో చోటు కొనే స్తోమతు లేదు. కారును బయట నిలిపి రేడియోను గట్టిగా మ్రోగించి, వచ్చే పోయే వర్తకులను పిలిచి వినిపించాడు. ఆర్డర్లు వచ్చాయి. మోటారు అన్న మాటకు, ఆనాటి గ్రామఫోన్ల పేర్లలో వినిపించే ఓలా అన్న తోకను చేర్చి మోటరోలా అన్న పేరు సృష్టించినదీ ఆ ఏడే.

పేరు వచ్చినంతనే డబ్బు రాలేదు. ఒక బ్యాంకు అధికారిని మెప్పించి అప్పు తీసుకొందామని ఆయన కారులో రేడియో బిగిస్తే, కొద్దిసేపటికే ఆ కారు అంటుకొన్నదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ ఎలా ఉన్నా, ఆ తొలి రేడియోలను బిగించటం కష్టమైన పని అన్నది నిజం. రేడియో పెట్టె ఒకచోట, మాట్లాడే స్పీకరు ఒకచోట, బ్యాటరీలు మరొకచోట, వాటి మధ్య తీగలు. తరువాతి సంవత్సరాలలో వైబ్రేటరు అనే పరికరం వచ్చింది. అది కారు బ్యాటరీ కరెంటును క్షణక్షణం తెంచి కలుపుతూ, ట్రాన్స్‌ఫార్మరు ద్వారా హెచ్చు వోల్టులుగా మార్చింది. నేల క్రింది పొడి బ్యాటరీలు సెలవు పుచ్చుకొన్నాయి. గాల్విన్ వ్యాపార జీవితంలో ఇది రెండవ వీడ్కోలు. మొదట ఇంటి నుండి, పిదప కారు నుండి, తాను ఏ వస్తువుతో జీవితం ప్రారంభించాడో ఆ వస్తువునే ఆయన తప్పించవలసి వచ్చింది.

నేటి కార్లలో కథ మరల మొదటికి వచ్చినట్లు కనిపిస్తుంది. పెద్ద ఆంప్లిఫయర్లు పెట్టించి, వాటి కోసం రెండవ బ్యాటరీ కలిపించుకొనేవారు ఉన్నారు. వెయ్యి వాట్ల శక్తిని 12 వోల్టుల బ్యాటరీ నుండి తీసుకోవాలంటే 80 ఆంపియర్లకు మించిన కరెంటు ప్రవహించాలి. సన్నని తీగ అంత కరెంటుకు కాలిపోతుంది. బ్యాటరీకి చేరువలోనే ఫ్యూజు లేకపోతే ప్రమాదం. బండి ఆగి ఉన్నపుడు పాట వింటే మొదటి బ్యాటరీ హరించుకుపోకుండా రెండింటినీ విడదీసే సాధనం కూడ ఉండాలి. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. బ్యాటరీ గాదె వంటిది, ఆల్టర్నేటరు పంట వంటిది. పంట పెరగకుండా గాదెల సంఖ్య పెంచితే ఇంటిల్లిపాదికీ తిండి పెరగదు. ఇంజను నడుస్తున్నపుడు ఆల్టర్నేటరు ఇవ్వగలిగిన దానికంటె ఎక్కువ నిరంతరం వాడుకుంటే, రెండు బ్యాటరీలూ ఒకదాని వెంట ఒకటి ఖాళీ అవుతాయి.

గాల్విన్ తరువాతి చరిత్ర సుదీర్ఘమైనది. 1936లో ఆయన సంస్థ పోలీసు కార్లకు రేడియోలు తయారు చేసింది. 1940లో చేత పట్టుకొని మాట్లాడగల హాండీటాకీ, 1943లో వీపున మోసే వాకీటాకీ రూపొందాయి. రెండవ ప్రపంచ యుద్ధరంగంలో సైనికులకు ఇవి ఆసరా అయ్యాయి. 1942లో భార్య లిలియన్ తమ ఇంటిలోనే హత్యకు గురికావటం ఆయన జీవితంలో తీరని విషాదం. ఆ దుఃఖంలోనూ పని విడువలేదు. 1947లో సంస్థ పేరును మోటరోలాగా మార్చాడు. లాభాలలో ఉద్యోగులకు భాగం కల్పించే పథకాన్ని ప్రవేశపెట్టినదీ ఆ సంవత్సరమే. 1956లో కుమారుడు రాబర్ట్ అధ్యక్షుడయ్యాడు. 1959 నవంబరు 5న, అరువది నాలుగవ ఏట, పాల్ గాల్విన్ కన్నుమూశాడు. పదేళ్ల తరువాత, 1969లో, చంద్రునిపై నిలిచిన మానవుని కంఠం భూమికి చేరినది ఆ సంస్థ తయారు చేసిన రేడియో పరికరం ద్వారానే.

ఈ జీవితం నుండి మన విద్యార్థి లోకం గ్రహించవలసినదేమి? పట్టా చేతికి వచ్చినా ఉద్యోగం రాని మిత్రులు, పెట్టుబడి పెట్టి నష్టపోయిన కుటుంబాల బిడ్డలు మన తరగతులలోనే ఉన్నారు. వారికి గాల్విన్ కథ ఒక సంగతి చెబుతుంది. మూతపడిన దుకాణంతో పాటు అందులో నేర్చిన విద్య మూతపడదు. బ్యాటరీ గుణదోషాలు ఆయనకు రెండు నష్టాల మూలంగా తెలిశాయి; ఆ తెలివియే కారులో పాటకు మార్గం వేసింది. సరకుకు కాలం చెల్లినపుడు సరకును విడిచాడు గాని, తోడున్న మనుషులను, నేర్చిన పనిని విడువలేదు. వేలంలో 750 డాలర్లకు ఆయన కొన్నది పాత సామాను మాత్రమే. దానితో ఏమి చేయవచ్చునో తెలిసిన తెలివి ఆయనకు అంతకు మునుపే సమకూరి ఉన్నది, దాని వెల ఏడేళ్ల కష్టం.