గొంతు పోయినా పాట మానని కృష్ణశాస్త్రి గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరగానే నాకు తోచిన పేరు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారిది. అనారోగ్యం, ఆప్తుల వియోగం మనలో చాలామందికి పింఛను వయస్సులో ఎదురవుతాయి. ఆయనకు పాతికేళ్ళయినా నిండకముందే ఎదురయ్యాయి. వాటి మధ్య ఆయన చెట్టునూ, పూవునూ, పిట్టనూ ఎలా ఆసరా చేసుకున్నారో నాకు తెలిసినంతలో చెబుతాను.

కృష్ణశాస్త్రి గారు 1897 నవంబరు 1వ తేదీన సామర్లకోట దగ్గరి చంద్రంపాలెంలో జన్మించారు. తండ్రిగారూ, పెదతండ్రిగారూ పిఠాపురం సంస్థానంలో పేరుపొందిన పండిత కవులు. కనుక పద్యం ఆయనకు ఉగ్గుపాలతోనే అబ్బింది. పిఠాపురంలో హైస్కూలు చదువు అయ్యాక కాలేజీ చదువుకు మన విజయనగరం వచ్చారని చెప్పుకోవటం ఉత్తరాంధ్ర వారికి గర్వకారణం. తరువాత పెద్దాపురం మిషన్ హైస్కూలులో ఉపాధ్యాయులుగా చేరారు. ఆ రోజుల్లోనే బ్రహ్మసమాజం వైపు ఆకర్షితులై ఆ ఉద్యోగం వదలుకున్నారు.

చేతిలో ఉద్యోగం లేదు, ఒంట్లో ఆరోగ్యం లేదు. 1920లో వైద్యం కోసం రైలులో బళ్ళారి బయలుదేరారు. మనమైతే అటువంటి ప్రయాణంలో డాక్టరు ఏం చెబుతాడో, ఖర్చు ఎంతవుతుందో అని లెక్కలు వేసుకుంటాము. ఆయన మాత్రం దారి పొడుగునా కనిపించిన ప్రకృతిని కళ్ళారా చూశారు. ఆ చూపులోంచే 'కృష్ణపక్షం' కావ్యానికి ప్రేరణ కలిగిందని ఆయన జీవితం వ్రాసినవారు చెబుతారు. ఆకుల్లో, పూలల్లో, కొమ్మల్లో తానూ ఒకడిగా కలిసిపోయి, అడవిలోనే దాగిపోతే బాగుండునని కోరుకునే గీతం అందరికీ తెలిసిందే. ఆయన పోయిన రెండేళ్ళకు, 1982లో, 'మేఘసందేశం' చిత్రం ద్వారా అది ఇంటింటికీ చేరింది.

అలాగని ప్రకృతి ఆయన కష్టాలను తీర్చేసిందని నేను అనను. 1922లో ఆయన భార్య మరణించారు. అటుతరువాతి కవిత్వంలో కన్నీరు ఎక్కువైంది. అంత ఏడుపు ఏమిటని ఎగతాళి చేసినవారూ లేకపోలేదు. కాని ఆ కన్నీటిలోనూ వెన్నెల ఉంది, చీకటి ఉంది, కోయిల ఉంది. దుఃఖం ఆయనను గదిలో తలుపులు మూసుకు కూర్చోనివ్వలేదు.

మళ్ళీ వివాహం చేసుకుని పిఠాపురంలో ఉపాధ్యాయులుగా చేరారు. అక్కడి రాజావారికి ఆయన భావాలు సరిపడక ఆ కొలువూ పోయింది. ఊరూరా తిరిగి భావకవిత్వాన్ని ప్రచారం చేశారు. 1929లో రవీంద్రనాథ్ ఠాగూరు గారిని కలుసుకున్నారు. 1951లో విడుదలైన 'మల్లీశ్వరి' పాటలతో ఆయన పేరు పల్లెపల్లెకూ తెలిసింది.

ఇక అసలు పరీక్ష 1963లో వచ్చింది. గొంతు క్యాన్సరు వల్ల మాట పోయింది. సభల్లో తన కవిత్వం తానే వినిపించి వేలమందిని మురిపించిన మనిషి, ఆనాటి నుంచి ఏం చెప్పాలన్నా కాగితం మీద వ్రాసి చూపవలసి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 66. సరిగ్గా మన వయస్సు! ఆ తరువాత ఆయన ఏం వ్రాశారో చూడండి. 1968లో 'సుఖదుఃఖాలు' చిత్రానికి మల్లెలు పూసే వేళ గురించి పాట. 1978లో, ఎనభై ఏళ్ళు దాటాక, 'సీతామాలక్ష్మి' చిత్రానికి మావిచిగురూ కోయిలా పాట. తన గొంతు మూగబోయినా కోయిల గొంతును మనకు వినిపిస్తూనే ఉన్నారు. 1976లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1980 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

ఈ సంగతులు నాకు పుస్తకంలో చదివినప్పటికన్నా భావనపాడు తీరాన బాగా అర్థమయ్యాయి. పక్షవాతం వచ్చి మా ఇంటావిడకు మాట పడిపోయింది. మందులు, మాలిష్, ఆస్పత్రి బిల్లులు, పిల్లలకు ఫోన్లు, ఇవి తప్ప మా ఇంట్లో వేరే మాట లేకుండా పోయింది. ఒక సాయంత్రం ఆటోలో ఆమెను భావనపాడు తీసుకువెళ్ళాను. నౌపడ ఉప్పుమళ్ళు దాటాక సముద్రపు గాలి తగిలింది. సరుగుడు చెట్ల నీడన కూర్చున్నాము. బోట్లు ఒడ్డుకు చేరుతున్నాయి, వలలు విదిలిస్తున్నారు. తేలినీలాపురం వైపు ఎగిరిపోతున్న పెద్ద పిట్టల వరుసను ఆమె ఎడమచేతితో నాకు చూపించింది. జబ్బు చేశాక తనంతట తాను నాకొకటి చూపించడం అదే మొదలు. అప్పటినుంచి వీలైనప్పుడల్లా వెళుతున్నాము. మాట ఇంకా పూర్తిగా రాలేదు. కాని రాత్రిళ్ళు ఇద్దరికీ నిద్ర పడుతోంది.

మిత్రులారా, డాక్టరు ఇచ్చిన మందు మానమని నేను చెప్పటం లేదు. మందు వేసుకున్నాక రోజులో ఇంకా చాలా సమయం మిగులుతుంది. సముద్రం దగ్గరగా ఉన్నవారు సముద్రానికి వెళ్ళండి. వెళ్ళలేనివారు అరుగు మీద కుర్చీ వేసుకుని వేపచెట్టును చూడండి. మంచం దిగలేనివారి గది కిటికీ ముందు ఒక మల్లె కుండీ పెట్టమని వారి పిల్లలకు నా మనవి.