చంద్రపటకర్త కైపర్

పున్నమి వెన్నెల కవులకు పరవశం కలిగిస్తుంది. ఖగోళ శాస్త్రజ్ఞులకు మాత్రం అది చిరకాలం ఇబ్బందిగానే ఉండేది. మసక నక్షత్రాలను మరుగుపరచే ఆ వెలుగును వారిలో పలువురు విసుక్కొనేవారు. చంద్రుని పరిశీలన కేవలం ఔత్సాహికుల వ్యాసంగమని భావించిన ఆ కాలంలో దానిని శాస్త్రంగా నిలబెట్టిన ధీశాలి జెరార్డ్ కైపర్.

కైపర్ 1905 డిసెంబరు 7న నెదర్లాండ్స్‌లో ఒక దర్జీ ఇంట జన్మించాడు. లైడెన్ విశ్వవిద్యాలయంలో 1933లో డాక్టరేటు పొంది అమెరికా చేరాడు. 1944లో శనిగ్రహపు ఉపగ్రహమైన టైటాన్‌కు వాయుమండలం ఉన్నదని నిరూపించాడు. అంతటి కీర్తి గడించినవాడు చంద్రుని వైపు మళ్ళడం ఆనాటివారికి వింతే. 1955లో డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సమావేశంలో, చంద్రపటాల సంపుటి నిర్మాణానికి సలహాలు కోరాడు. బదులు పలికినవాడు ఒక్కడే, ఇంగ్లండుకు చెందిన యువెన్ విటేకర్. ఆ ఒక్కడే తరువాత ఆయనకు కుడిభుజమయ్యాడు.

చంద్రుని నిండుగా చూపే ఛాయాచిత్రం ఒక్కటి చాలదా అనిపించవచ్చు. చాలదు. పున్నమినాడు సూర్యకాంతి నేరుగా పడుతుంది కనుక నీడలుండవు. కొండలూ బిలాలూ చదునుగా కనిపిస్తాయి. వెలుగుచీకట్ల సరిహద్దు చెంతనే వాటి ఎత్తుపల్లాలు తేటపడతాయి. ఆ సరిహద్దు రోజురోజుకూ జరుగుతుంది. పైగా మన వాయుమండలపు చలనం వల్ల చిత్రం అలుక్కుపోతుంది. అందుచేత కైపర్ యెర్కిస్, లిక్, మౌంట్ విల్సన్, మెక్‌డొనాల్డ్, పిక్ దు మిది వేధశాలల గాజుపలకలను గాలించి మేలైనవాటిని ఏరాడు. చంద్రబింబాన్ని 44 భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగాన్ని వేర్వేరు వెలుగులలో చూపుతూ 1960లో సంపుటిని వెలువరించాడు.

అంచుల చిక్కు మిగిలింది. అక్కడి గుండ్రని బిలాలు మనకు కోలగా తోస్తాయి. అరిజోనాలో తాను స్థాపించిన పరిశోధనాలయంలో ఆయన బృందం ఛాయాచిత్రాలను తెల్లని అర్ధగోళంపై ప్రసరింపజేసి, పక్కనుంచి మళ్ళీ చిత్రించింది. అలా చూస్తుండగానే విలియం హార్ట్‌మన్ అనే విద్యార్థికి ఓరియంటేల్ చుట్టూ వలయాలు వలయాలుగా ఉన్న మహాగర్తం గోచరించింది. దూరదర్శినులు ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నా ఎవరికీ పట్టని రూపమది!

1964 జూలై 31న రేంజర్-7 నౌక చంద్రునిపై కూలడానికి ముందు నాలుగు వేలకు పైగా చిత్రాలు పంపింది. ఆ ప్రయోగపు శాస్త్రబృందానికి నాయకుడు కైపరే. నేడు ఆయన పేరు ఎక్కువగా వినిపించేది నెప్ట్యూన్ ఆవలి మంచుశకలాల పట్టీ వల్ల. విచిత్రమేమంటే, అలాంటి పట్టీ ఇంకా మిగిలి ఉంటుందని ఆయన తలచలేదు.

1973 డిసెంబరులో మెక్సికో నగరంలో కైపర్ మరణించాడు. కొద్ది నెలలకే, 1974 మార్చిలో, మారినర్-10 నౌక బుధగ్రహాన్ని సమీపించింది. అక్కడ ప్రకాశవంతంగా కనిపించిన ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.