టోపీ కింద దాగిన పుట్టుక

అమెరికా దినపత్రికల బొమ్మల కథలకు కళాగౌరవం సంపాదించిన తొలితరం చిత్రకారుల్లో జార్జ్ హెరిమన్ అగ్రగణ్యుడు. ‘క్రేజీ క్యాట్’ సృష్టికర్తగా జీవించి ఉండగానే విమర్శకుల మన్నన పొందారు. ఆయన పుట్టుక మాత్రం మరణానంతరం 27 ఏళ్లకు గానీ లోకానికి తెలియలేదు.

హెరిమన్ 1880లో లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్‌లో, ఆఫ్రికన్, యూరోపియన్ మూలాలు కలగలిసిన క్రియోల్ కుటుంబంలో జన్మించారు. నల్లజాతికి దక్కిన హక్కులను దక్షిణాది రాష్ట్రాలు తిరిగి లాక్కుంటున్న కాలమది. 1890లో లూసియానా రైళ్లలో శ్వేతేతరులకు వేరు పెట్టెలు నిర్దేశించింది. ఆ చట్టాన్ని ధిక్కరించిన హోమర్ ప్లెసీ ఇదే నగరానికి చెందిన క్రియోల్; చెప్పులు కుట్టే వృత్తివాడు. 1896లో సుప్రీంకోర్టు ఆయన వాదనను తోసిపుచ్చి జాతి వేర్పాటుకు న్యాయముద్ర వేసింది. దర్జీ అయిన హెరిమన్ తండ్రి ఆ తీర్పుకు ముందే కుటుంబంతో లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయారు. అక్కడ వారు శ్వేతజాతీయులుగా చలామణి అయ్యారు.

శ్వేతజాతి పత్రికా కార్యాలయాల్లో నల్లజాతి చిత్రకారుడికి దాదాపు చోటులేని రోజుల్లో హెరిమన్ న్యూయార్క్ చేరి పులిట్జర్, హెర్స్ట్ పత్రికలకు బొమ్మలు గీశారు. 1902 నాటి ‘మ్యూజికల్ మోస్’లో నల్లజాతి వాద్యకారుడు ఇతర జాతుల వేషం వేసి, గుట్టు బయటపడి దెబ్బలు తింటాడు. 1913లో ‘క్రేజీ క్యాట్’ స్వతంత్ర శీర్షికగా మొదలైంది. అందులో ఎలుక ఇటుక విసురుతుంది. నల్లపిల్లి దాన్ని ప్రేమగా భావిస్తుంది. కుక్క పోలీసు ఎలుకను జైల్లో వేస్తాడు. ఒక కథలో పిల్లి అలంకరణశాలకు వెళ్లి తెల్లబడి రాగానే అదే ఎలుక మోహంలో పడుతుంది. పాఠకులు నవ్వుకున్నారు. ఆ నవ్వు వెనుక ఎవరి అనుభవముందో వారికి తెలియదు.

సహోద్యోగులు ఆయన్ను గ్రీకు దేశస్థుడని పిలిచేవారు. ఉంగరాల జుట్టును కప్పే టోపీ ఆయన తలపై దాదాపు ఎప్పుడూ ఉండేది. 1944లో మరణించినప్పుడు ధ్రువపత్రం ఆయన్ను శ్వేతజాతీయుడిగా నమోదు చేసింది. 1971లో ఆర్థర్ ఆసా బెర్గర్ అనే పరిశోధకుడు వెలికితీసిన జనన పత్రంలో మాత్రం ‘కలర్డ్’ అని ఉంది.

దీన్ని మోసమనడం అన్యాయం. ప్రతిభకు ముందు పుట్టుకను అడిగిన వ్యవస్థే ఆయనతో ఆ దాపరికం చేయించింది. ఆయనకు కొలువు దక్కింది, కీర్తి దక్కింది. తన వారిని తన వారని చెప్పుకునే హక్కు దక్కలేదు. ఒక మహాకళాకారుణ్ణి తమవాడని చెప్పుకునే అవకాశాన్ని నల్లజాతి సమాజమూ ఆయన జీవితకాలమంతా కోల్పోయింది. కులం చెప్పకుండా అద్దె ఇల్లు వెతుక్కునే మన విద్యార్థులకు ఈ జీవితాన్ని వివరించి చెప్పనక్కరలేదు.