సవతి తల్లి లేని కథ

పిల్లలకు కథ చెప్పే పెద్దలకు ఒక అలవాటున్నది. కథలోని క్రూరకార్యం కన్నవారిదైతే, ఆ చోట ఒక సవతి తల్లిని తెచ్చి నిలబెడతారు. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన సంపుటంలో స్నోవైట్‌ను చంపించబూనినది ఆమెను కన్నతల్లే. 1819 నాటి కూర్పు వచ్చేసరికి ఆమె సవతి తల్లి అయినది. అటువంటి దిద్దుబాటుకు ఒప్పుకోని కవి ఒకరు మన విజయనగరంలో ఉండేవారు. ఆయన గురజాడ అప్పారావుగారు. (ఆయన కథానిక ఒకదాని పేరే ‘దిద్దుబాటు’. అయితే అక్కడ దిద్దినది కథను కాదు, మగవాని నడవడిని!)

అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న విశాఖ మండలంలోని రాయవరంలో జన్మించారు. బాల్యం చీపురుపల్లిలోను, పైచదువు విజయనగరంలోను సాగినవి. 1886లో పట్టభద్రులై మహారాజావారి కళాశాలలో ఉపాధ్యాయులయినారు. అంతకు ముందే, 1883లో, ఆంగ్లంలో ‘సారంగధర’ కావ్యం వ్రాశారు. చిత్రాంగి మోహించడం, కాదన్న కుమారునిపై నింద మోపడం, తండ్రి ఆజ్ఞతో అతని కాలుసేతులు నరికించడం మనమంతా విన్నదే. అక్కడ దోషమంతా మోయడానికి సవతి తల్లి సిద్ధంగా ఉన్నది. కలకత్తా పత్రికా సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీగారు ఆ కావ్యాన్ని మెచ్చుకొని, మాతృభాషలో వ్రాయమని హితవు చెప్పారు.

తెలుగులో వ్రాయబూనేసరికి ఆయన ఎదుట ఉన్నది పురాణం కాదు, ఒక పట్టిక. ఆనందగజపతి మహారాజు విశాఖ మండలంలోని బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాలను లెక్క వ్రాయించారు. మూడేండ్లలో 1,034 తేలినవి. అదైనా సంపూర్ణమైన లెక్క కాదు. వారిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్ల వారు 44, మూడేండ్ల వారు 36, రెండేండ్ల వారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికి పలికిన వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన ‘కన్యాశుల్కం’ పీఠికలో ఈ అంకెలను ఆయన ఉంచారు. నాటకం చూచి నవ్వినవారు ఆ పీఠిక కూడా చదవవలసినది.

నాటకంలో నవ్వించిన సంగతినే ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’లో పేరంటాళ్ళు పాడుకొనే కథవలె చెప్పారు. పూజారింటి ఆడపిల్ల, పూలతోట, దుర్గ గుడి, కొలను, అన్నదమ్ములు, అంతా ముచ్చటైన కథాసామగ్రి. ఇందులో రాక్షసి లేదు, సవతి తల్లి లేదు. ధనానికి లొంగి కూతురిని ముదుసలికి ఇచ్చినవారు కన్న తల్లిదండ్రులు. ఆ పిల్ల అన్నదమ్ములను, తమకు పుట్టే బిడ్డలలో ఒకతెకు తన పేరు పెట్టమని అడుగుతుంది. తరువాత కొలనికి పోతుంది. మరణాన్ని కవి పేరు పెట్టి చెప్పరు. ఆమె కన్నుల కాంతి కలువలలోను, నడక హంసలలోను కలిసినదంటారు. తరగతిలో రాగం తీసి పాడే పిల్లలు అది చావు అని గ్రహించకుండానే పాడడం నేను విన్నాను. ఉపాధ్యాయుడు అక్కడ ఒక నిమిషం ఆగవలె.

1915 నవంబరు 30న అప్పారావుగారు విజయనగరంలో కన్నుమూశారు.