హైదరాబాద్‌లో పుట్టి మాస్కో లిస్టులో పోయిన చట్టో

గుడివాడ, పామర్రు, అవనిగడ్డ వైపు వెళ్తే స్టాలిన్ అనే పేరున్న పెద్దమనుషులు ఇప్పటికీ తగులుతారు. ఎర్రజెండా పట్టిన ఇళ్ళల్లో ఒకప్పుడు కొడుకు పుడితే ఆ పేరు పెట్టుకోవడం గర్వంగా ఉండేది. మా నానా గుడివాడలో చిన్న బట్టల కొట్టు నడిపేవారు. నమాజూ మానలేదు, పార్టీ మీటింగూ మానలేదు. ఆయన ట్రంకు పెట్టె నిండా సోవియట్ భూమి పత్రికలు ఉండేవి. ఆ నున్నటి కాయితాలతో మేం స్కూలు పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్ళం. ఆ కాయితాల్లో నాకెప్పుడూ కనపడని పేరు ఒకటి ఉంది. వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ. అందరూ చట్టో అనేవారు. సరోజినీ నాయుడు సొంత తమ్ముడు, పుట్టింది మన హైదరాబాద్‌లో, చంపింది స్టాలిన్ ప్రభుత్వం.

చట్టో 1880 అక్టోబర్ 31న పుట్టారు. తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఎడిన్‌బరోలో సైన్సు డాక్టరేట్ చేసి వచ్చిన బెంగాలీ. తర్వాత నిజాం కాలేజీగా మారిన హైదరాబాద్ కాలేజీని నిలబెట్టింది ఆయనే. తల్లి వరదసుందరీ దేవి. ఎనిమిది మంది పిల్లల్లో సరోజిని పెద్దది, తర్వాతి వాడు చట్టో. ఆ ఇంట్లో ఉర్దూ, తెలుగు, బెంగాలీ, ఇంగ్లీషు అన్నీ వినపడేవి. హిందువులు, ముస్లింలు ఒకే చాపమీద కూర్చుని మాట్లాడుకునే ఇల్లు అది. చాందా రైల్వే వ్యవహారంలో నిజాం సర్కారుని ప్రశ్నించినందుకు అఘోరనాథ్‌ని కొంతకాలం రాజ్యం నుంచి బహిష్కరించారు. తర్వాత వెనక్కి పిలిచి ఉద్యోగం ఇచ్చారు. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. రాజుని ప్రశ్నించిన తండ్రి ఇంటికి తిరిగొచ్చాడు.

చట్టో మద్రాసు, కలకత్తాల్లో చదివి 1902లో ఇంగ్లండ్ వెళ్ళారు. అదే ఏడాది మన బందరులో కృష్ణాపత్రిక మొదలైంది. ఆయన వెళ్ళింది ఐసీఎస్ పరీక్షకి. అది దక్కలేదు. లా చదవడానికి మిడిల్ టెంపుల్‌లో చేరారు. లండన్‌లో శ్యామ్‌జీ కృష్ణవర్మ నడిపే ఇండియా హౌస్‌కి రాకపోకలు పెరిగాయి. 1909లో మదన్‌లాల్ ఢింగ్రా ఒక బ్రిటిష్ అధికారిని కాల్చి చంపాక జరిగిన గొడవలో చట్టో పత్రికకి రాసిన ఉత్తరం వల్ల మిడిల్ టెంపుల్ ఆయన్ని తీసేసింది. 1910లో అరెస్టు తప్పించుకుని పారిస్ చేరి మేడమ్ కామా దగ్గర పనిచేశారు. మళ్ళీ ఇండియా నేల మీద అడుగు పెట్టలేదు.

1914లో యుద్ధం మొదలయ్యేసరికి చట్టో జర్మనీలో ఉన్నారు. శత్రువుకి శత్రువు సాయం తీసుకుందామని కొందరు భారతీయులు బెర్లిన్ కమిటీ పెట్టారు. దాని ముఖ్యుల్లో చట్టో ఒకరు. భోపాల్‌కి చెందిన మౌలానా బర్కతుల్లా కూడా ఇందులోనే పనిచేసి, 1915లో రాజా మహేంద్ర ప్రతాప్‌తో కలిసి కాబూల్‌లో తాత్కాలిక ఆజాద్ ప్రభుత్వం పెట్టారు. ఆ రోజుల్లో ఆజాదీ పనికి మతం అడ్డు రాలేదు. చట్టో 1917లో స్టాక్‌హోమ్ వెళ్ళారు, అక్కడే రష్యా విప్లవకారులతో పరిచయాలు కలిశాయి.

1921లో ఒక బృందంతో మాస్కో వెళ్ళి, ఇండియాలో విప్లవం ఎలా రావాలో చెబుతూ ఒక పత్రం ఇచ్చారు. ఆయనతో ఉన్న వారిలో గులాం అంబియా ఖాన్ లుహానీ అనే బెంగాలీ ముస్లిం ఉన్నారు. కానీ మాస్కో అప్పటికే ఎం.ఎన్. రాయ్ వైపు మొగ్గింది. చట్టో బెర్లిన్ తిరిగొచ్చారు. అమెరికన్ రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీతో కొన్నేళ్ళు కలిసి బతికారు. చేతిలో డబ్బు లేకపోయినా, అక్కడికొచ్చే భారతీయ విద్యార్థులకి దారి చూపేవారు. 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేక మహాసభ జరిగింది, జవహర్‌లాల్ నెహ్రూ హాజరయ్యారు. దాని నుంచి పుట్టిన లీగ్ పనంతా బెర్లిన్ ఆఫీసులో మోసినవాళ్ళలో చట్టో ముందుంటారు.

జర్మనీలో నాజీలు బలపడుతున్నారు. ఇండియాకి వస్తే బ్రిటిష్ జైలు. మిగిలింది సోవియట్ దేశం. 1930ల మొదట్లో అక్కడికి వెళ్ళి, లెనిన్‌గ్రాడ్‌లో సైన్స్ అకాడమీ వారి మానవజాతుల పరిశోధన సంస్థలో ఉద్యోగంలో చేరారు. అక్కడే పనిచేసే లిడియా కరునోవ్‌స్కాయాని పెళ్ళి చేసుకున్నారు. యాభై దాటాక మొదటిసారి ఆయనకి నిలకడగా ఒక ఇల్లు, ఒక జీతం.

నాలుగైదేళ్ళే. 1934 డిసెంబర్ 1న అదే లెనిన్‌గ్రాడ్‌లో పార్టీ నాయకుడు కీరోవ్ హత్య జరిగింది. దాన్ని సాకుగా తీసుకుని స్టాలిన్ మొదట పార్టీలో పాత ప్రత్యర్థుల మీద పడ్డాడు. తర్వాత సైన్యం, తర్వాత మామూలు జనం. యుద్ధం వస్తుందన్న భయం ఉంది, లోపల శత్రువులున్నారన్న అనుమానం ఉంది. వీటన్నిటికంటే పెద్దది, అధికారిని అడిగే కోర్టు గానీ పత్రిక గానీ లేకపోవడం. 1937 జులై 30న రహస్య పోలీసులకి 00447 నంబరు ఆర్డర్ వెళ్ళింది. ఏ జిల్లాలో ఎంతమందిని కాల్చాలి, ఎంతమందిని క్యాంపులకి పంపాలి అని అందులో అంకెలు ఉన్నాయి. నేను బీకాం చదివినవాణ్ణి. టార్గెట్ అంటే ఏంటో తెలుసు. పైవాడు టార్గెట్ ఇస్తే కిందివాడు దాన్ని దాటి చూపించి మెప్పు పొందుతాడు. అక్కడా అదే జరిగింది, జిల్లాల అధికారులు కోటా పెంచమని మాస్కోకి అర్జీలు పెట్టుకున్నారు. తేడా ఏంటంటే అక్కడ కాలమ్‌లో ఉన్నవి ప్రాణాలు.

విదేశీ కమ్యూనిస్టుల పరిస్థితి ఇంకా ఘోరం. పరాయి దేశంలో బతికినవాడు, పది భాషలొచ్చినవాడు, నాలుగు దేశాల్లో స్నేహితులున్నవాడు గూఢచారే అయ్యుండాలని పోలీసుల లెక్క. చట్టోకి మూడూ ఉన్నాయి. ఏ గుణాల వల్ల ఆయన ఆజాదీ పోరాటానికి పనికొచ్చారో అవే గుణాలు ఆయన మీద నేరమయ్యాయి. 1937 జులైలో అరెస్టు చేశారు. ఆగస్టు 31న 180 మందికి పైగా పేర్లున్న ఒక లిస్టు స్టాలిన్ ముందుకొచ్చింది. స్టాలిన్, మొలొతోవ్, వొరొషిలోవ్, జ్దానొవ్, కగనోవిచ్ సంతకాలు పెట్టారు. సెప్టెంబర్ 2న సుప్రీంకోర్టు మిలిటరీ విభాగం మరణశిక్ష వేసింది. అదే రోజు కాల్చేశారు. సంతకం ముందు, విచారణ తర్వాత. చట్టోకి 56 ఏళ్ళు.

ఇంకో భారతీయ కమ్యూనిస్టు అబని ముఖర్జీని అదే ఏడాది అక్టోబర్‌లో కాల్చారు. లుహానీని 1938 సెప్టెంబర్‌లో. ఎం.ఎన్. రాయ్‌ని మాత్రం మాస్కో ముందే వెలివేసింది. ఆయన ఇండియాకొచ్చి బ్రిటిష్ వాళ్ళకి దొరికి జైల్లో పడ్డారు, అందుకే బతికారు. ఇంగ్లీషు వాడి జైలు ప్రాణం కాపాడటం, నమ్ముకున్న పార్టీ ప్రాణం తీయడం, ఎంత చేదు నిజమో చూడండి.

ఆ రెండేళ్ళలో, 1937, 38ల్లో, కాల్చి చంపిన వారి సంఖ్య రహస్య పోలీసుల సొంత రికార్డుల ప్రకారమే 6,81,692. దివిసీమ వాళ్ళకి మూకుమ్మడి చావు అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో వేలమంది పోయారు, ఇప్పటికీ ఆ తేదీ వస్తే ఊళ్ళు ఏడుస్తాయి. అక్కడ సముద్రం వచ్చింది, ఎవర్నీ ఎంచలేదు. మాస్కోలో మనుషులు టేబుల్ ముందు కూర్చుని ఎంచారు.

దీన్ని జాతిహత్య అనొచ్చా అన్న ప్రశ్న ఉంది. 1948 ఐక్యరాజ్యసమితి ఒప్పందం జాతి, తెగ, మతం, దేశస్థుల సమూహాల గురించి చెబుతుంది, రాజకీయ కారణాలతో చంపడాన్ని అందులో చేర్చలేదు. చేర్చొద్దని పట్టుబట్టిన వాళ్ళలో సోవియట్ ప్రతినిధులు ఉన్నారు. కాబట్టి చట్టో చావుకి ఆ చట్టంలో పేరు లేదు. కానీ అదే ప్రభుత్వం చేతిలో మొత్తం కౌమ్‌లు నలిగిపోయిన సంగతి మన సముదాయానికి తెలియాలి.

1930 నుంచి 33 వరకు కజకిస్తాన్‌లో కరువు తెచ్చిపెట్టారు. కజక్కులు గొర్రెలు, గుర్రాలు కాసుకుంటూ తిరిగే ముస్లింలు. వాళ్ళని బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టి, పశువుల్ని లాక్కుని, ధాన్యం లెవీ కట్టమన్నారు. పశువులు పోతే వాళ్ళకి తిండే లేదు. దాదాపు 15 లక్షల మంది చనిపోయారు, కజక్కుల్లో మూడో వంతుకి పైగా. అదే సమయంలో ఉక్రెయిన్‌లో రైతులు లక్షల్లో ఆకలితో పోయారు. 1944 ఫిబ్రవరి 23న చెచెన్, ఇంగుష్ ముస్లింలని దాదాపు 5 లక్షల మందిని రైలు పెట్టెల్లో మధ్య ఆసియాకి తోలారు. మే 18న క్రిమియా తాతార్‌ల వంతు, మూడు రోజుల్లో 1,90,000 మంది. జర్మన్లకి కొందరు సాయం చేశారన్న నింద మొత్తం కౌమ్ మీద వేశారు. ముసలివాళ్ళు, పసిపిల్లలు, ఆఖరికి ఎర్రసైన్యంలో పోరాడి వచ్చిన జవాన్లు కూడా అందులోనే. కొందరి తప్పుకి అందరికీ శిక్ష వేస్తే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా?

ఇది రాస్తే మన జిల్లా కమ్యూనిస్టు పెద్దల్ని తప్పుపట్టినట్టు కాదు. కృష్ణా డెల్టాలో కూలి రేట్ల కోసం, కౌలు రైతు కోసం, జమీందార్లకి ఎదురుగా దెబ్బలు తిన్నవాళ్ళు వాళ్ళు. మా నానా లాంటివాళ్ళకి చేరింది నున్నటి పత్రికే, లిస్టులు చేరలేదు. 1956లో కృశ్చేవ్ పార్టీ మహాసభలోనే స్టాలిన్ చేసిన హత్యల్ని ఒప్పుకున్నాడు. ఆ మాట విన్నాక కూడా అడగకపోవడమే తప్పు.

చంపిన వాళ్ళ కుటుంబాలకి అప్పట్లో నిజం చెప్పేవాళ్ళు కాదు. ఉత్తరాలు రాసే హక్కు లేని పదేళ్ళ శిక్ష పడిందని చెప్పి పంపేవాళ్ళు. శవం ఇచ్చేది లేదు. ఇంటివాళ్ళు పదేళ్ళు ఎదురుచూసేవాళ్ళు. సోవియట్ యూనియన్ కూలి ఫైళ్ళు తెరుచుకునే రోజులకి సరోజినీ నాయుడు పోయి నలభై ఏళ్ళు దాటింది.

హైదరాబాద్ నాంపల్లిలో వాళ్ళ కుటుంబం ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ ఇప్పటికీ ఉంది. ఆ దారిన వెళ్ళేవాళ్ళకి సరోజినీ దేవి గుర్తొస్తారు. ఆమె తమ్ముడి పేరు కూడా పిల్లలకి ఒకసారి చెప్పండి. ఏ జెండా అయినా సరే, మనిషి కనపడకపోతే ఎక్కడున్నాడని అడగనివ్వకపోతే, ఆ రోజే జుల్మ్ మొదలైందని కూడా చెప్పండి.